చిప్పు మీద లక్క

ఆయన్ని సొంత పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే, అదీ నెలకోసారి. మిగతా కోర్టంతా లక్కాయన అనే అంటుంది. జడ్జీలు కూడా ఆయన వినడం లేదనుకున్నప్పుడు అలాగే అంటారని వినికిడి. ఆ పేరు ఊరికే రాలేదు. కోర్టు భవనంలో మెట్ల వెనకాల ఉన్న పొడుగాటి గదికి ఆయనే సర్వాధికారి. కేసుల్లో రుజువుగా వచ్చిన ప్రతి వస్తువూ, కత్తి కానివ్వండి, కుర్చీ కానివ్వండి, చక్రం వంకరపోయిన సైకిలు కానివ్వండి, ముందు ఆ గదిలోకే వస్తుంది. దానికి దారంతో చీటీ కట్టి, ముడి మీద ఎర్ర లక్క కరిగించి పోసి, వేడి చల్లారకముందే ఇత్తడి ముద్ర నొక్కి, అరలో పెట్టడం ఆయన ఉద్యోగం. లోకం దాన్ని గుమాస్తా పని అంటుంది. ఆయన దృష్టిలో అదొక విద్య. బుడగ రాకుండా, పగులు పట్టకుండా, అంచు జారకుండా లక్క పొయ్యడం ఎంతమందికి వచ్చో చెప్పమనేవాడు. ఎంతమందికి కావాలో మాత్రం ఎవరూ ఆయన్ని ఎదురు అడగలేదు.

ఆ విద్య ఆయనకి నేర్పింది, ఆయనకంటే ముందు ఆ గదిలో పనిచేసిన పెద్దాయన. పెద్దాయన హయాంలో ఒకసారి బంగారు గొలుసొకటి సంచిలో పెట్టి, సంచి మూతికి లక్క వేసి దాచారట. కేసు విచారణకొచ్చిన రోజున చూస్తే మూతి మీద లక్క చెక్కుచెదరలేదు, సంచి అడుగున మాత్రం కుట్టు విప్పి మళ్ళీ కుట్టారు. లోపల గొలుసు బదులు సైకిలు చెయిను ముక్క ఉంది. ఆ దెబ్బకి పెద్దాయన జుట్టు ఒక్కసారిగా తెల్లబడిందని చెప్పుకునేవారు. రిటైరయ్యే ముందు శిష్యుణ్ణి కూర్చోబెట్టుకుని ఒకటే మాట చెప్పాడు. "సంచికి కాదురా నాయనా, సరుక్కి వెయ్యి. లక్క వస్తువు మీదే పడాలి."

లక్కాయన ఆ మాటని శిరసావహించాడు. వయొలిన్‌కి వేశాడు, దాని యజమాని కోర్టులోనే బావురుమన్నాడు. ఎవరిదో విగ్గుకి వేశాడు. కట్టుడు పళ్ళకి వేశాడు. దొంగతనం కేసులో ఒకసారి చిలక వస్తే దాని కాలికి చీటీ కట్టి, లక్క మాత్రం పంజరానికి వేశాడు. అంతవరకు దయాగుణం ఉంది ఆయనలో. ఎవరెన్ని సణిగినా ఆయన చేతికొచ్చిన వస్తువు పోయిందని గానీ, మారిందని గానీ ఇంతవరకు ఒక్కరూ అనలేదు. ఆయన నిలువెత్తు గర్వమంతా ఆ ఒక్క సంగతి మీదే నిలబడి ఉంది.

వాళ్ళావిడ బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ వెనకాల కూర్చుంటుంది. ఏ బస్సు ఎప్పుడొస్తుందో జనానికి చెప్పడం ఆవిడ పని, ఆవిడ చెప్పినట్టు రాకపోవడం బస్సుల పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అబద్ధాలకోరు అనిపించుకుని ఇంటికొచ్చే మనిషి కాబట్టి, మొగుడి విద్య మీద ఆవిడకి పెద్ద భ్రమలేమీ లేవు. పెళ్ళయిన కొత్తలో చీమలు పట్టకుండా ఆయన పంచదార డబ్బా మూతకి లక్క వేశాడు. ఆవిడ ఆ డబ్బాని సుత్తితో పగలగొట్టి, ఇకమీదట లక్క గుమ్మం దాటి లోపలికొస్తే తాను గుమ్మం దాటి బయటికి పోతానంది. అప్పట్నుంచి ఇద్దరూ సుఖంగా ఉన్నారు.

ఇలా ఉండగా ఆ కోర్టుకి ఒక పెద్ద దావా వచ్చింది. సెల్‌ఫోన్లలో ఉండే ప్రాసెసర్ చిప్పు గురించి రెండు కంపెనీల మధ్య తగాదా. ఫోన్లో మెదడులాంటి ఆ చిప్పులో పనిలేని భాగాలని పడుకోబెట్టి, పని తగలగానే రెప్పపాటులో లేపే పద్ధతి తామే కనిపెట్టామని, దానికి తమకి పేటెంట్ ఉందని, పెద్ద కంపెనీ దాన్ని ఎత్తుకెళ్ళి తన ఫోన్లన్నిటిలో పెట్టుకుందని చిన్న కంపెనీ వాదన. మేమే సొంతంగా కనుక్కున్నాం, మీకంటే ముందే కనుక్కున్నాం అని పెద్ద కంపెనీ వాదన.

సంగతి విన్న కోర్టు బంట్రోతు, "పనిలేనివాళ్ళు పడుకునే పద్ధతి మన ఆఫీసులో మా తాతల నాటి నుంచీ ఉందండీ. లేపే పద్ధతే ఇంకా ఎవరూ కనిపెట్టలేదు," అన్నాడు.

చిన్న కంపెనీకి ఉన్న బలమంతా ఒకే ఒక్క చిప్పు. మొట్టమొదట తయారుచేసిన నమూనా. భూతద్దం కింద లోపలి గీతలు కనపడేలా దాని పై పెంకు ఒలిచేశారు. ఆ గీతలు చూపిస్తే చాలు, ఎవరు ముందో తేలిపోతుంది. కంపెనీ యజమానురాలు దాన్ని స్వయంగా పట్టుకొచ్చింది. మందపాటి కళ్ళజోడు, దువ్వడం మరిచిపోయిన జుట్టు, చేతులకి పల్చటి తొడుగులు. పెట్టెలో పెట్టె, అందులో మెత్త, ఆ మెత్త మధ్యలో చిటికెన వేలి గోరంత చిప్పు.

"జాగ్రత్తండీ. మాకున్నది ఇదొక్కటే," అంది.

"మీరు నిశ్చింతగా వెళ్ళండమ్మా," అన్నాడు లక్కాయన.

జాగ్రత్త అన్న మాటకి ఆయన నిఘంటువులో ఒకటే అర్థం ఉంది, అది ఎర్రగా ఉంటుంది. ఆవిడ అటు వెళ్ళగానే ఇటు దీపం వెలిగించాడు. కానీ చీటీ ఎక్కడ కట్టాలి? చిప్పుకి చిల్లు లేదు. చుట్టూ దారం చుడితే జారిపోతోంది. పెట్టెకి వేద్దామా అంటే పెద్దాయన మాట అడ్డం. మధ్యాహ్నం భోజనం కూడా సగంలో వదిలేసి ఆలోచించాడు. చివరికి దారం కొసని చిప్పు మీదే ఆనించి, సూది మొనతో ఒక్క బొట్టు లక్క తీసి దాని మీద వదిలాడు. నడిమధ్యలో ఏవో నంబర్లున్నాయని అక్కడ వెయ్యలేదు, ఖాళీగా కనిపించిన ఒక మూల చూసి వేశాడు. ఇత్తడి ముద్ర చిప్పు కంటే పెద్దది కాబట్టి గుండుసూది తలతో నొక్కాడు. తన సర్వీసులోనే ఇంత సన్నని పని చెయ్యలేదని ఆయనకే అనిపించింది. చూపించడానికి పక్కన ఎవరూ లేకపోయారే అని కాస్త బాధపడ్డాడు కూడా.

ఆ బాధ వాయిదా రోజున తీరిపోయింది. కోర్టు హాల్లో పెద్ద తెర కట్టారు. భూతద్దం కింద పెట్టిన చిప్పు ఆ తెర మీద గోడంతై కనిపిస్తుంది. కంపెనీలు పిలిపించిన నిపుణుడు పెట్టె తెరిచి, చిప్పుని తీసి, భూతద్దం కింద పెట్టి, దీపం వేశాడు. తెర మీద ఒక పెద్ద ఎర్రకొండ ప్రత్యక్షమైంది. కొండ మధ్యలోంచి పడవకి కట్టే మోకంత లావున దారం బయటికొస్తోంది.

హాలు హాలంతా నోరెళ్ళబెట్టింది. వెనక బెంచీ మీద కూర్చున్న లక్కాయన మాత్రం మైమరిచిపోయాడు. తన లక్కని అంత పెద్దదిగా ఆయనెప్పుడూ చూసుకోలేదు. ఎక్కడా బుడగ లేదు, పగులు లేదు, అంచు జారలేదు.

"ఏమిటది?" అన్నారు జడ్జిగారు.

"అర్థం కావడం లేదు సార్," అన్నాడు నిపుణుడు. "ఏదో పదార్థం..."

"ఎవరు చేశారీ పని?" అని అరిచాడు చిన్న కంపెనీ లాయరు. ఆయన మామూలుగా మాట్లాడితేనే కిటికీ అద్దాలు అదిరేవి, అందుకే కోర్టులో ఉరుము లాయరని పేరు. ఇక అరిస్తే చెప్పాలా?

లక్కాయన లేచి నిలబడ్డాడు. మొహం నవ్వుతో వెలిగిపోతోంది. "నేనేనండీ," అన్నాడు.

ఆ నవ్వే ఆయన కొంప ముంచింది. మర్నాడు నిపుణుడు స్పిరిట్ పెట్టి లక్కని కరిగించబోతే, దారంతో పాటు చిప్పు పైపొర కూడా ఊడొచ్చింది. ఊడింది ఏ భాగం? సరిగ్గా తగాదా ఉన్న భాగం. పనిలేని భాగాలని పడుకోబెట్టి లేపే ఆ గీతలన్నీ ఆ మూలనే ఉన్నాయట. గోరంత చిప్పులో ఇంత చోటుండగా లక్క అక్కడే ఎందుకు పడింది? ఉరుము లాయరు ఒంటికాలి మీద లేచాడు. ఇది పొరపాటు కాదు, పెద్ద కంపెనీ ఈ మనిషిని కొనేసింది, ఎక్కడ వెయ్యాలో చూపించి మరీ వేయించింది అన్నాడు. పెద్ద కంపెనీ లాయరు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, అసలు మీరే చేయించి ఉంటారు, భూతద్దం కింద మీ గీతల బండారం బయటపడుతుందని భయపడి ఉంటారు అన్నాడు. రెండు పక్షాలకీ ఏ ఒక్క విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు గానీ, లక్కాయన ఎవరికో ఒకరికి అమ్ముడుపోయాడన్న విషయంలో మాత్రం కుదిరింది. ఒక మనిషి కేవలం తన పని శ్రద్ధగా చెయ్యడం వల్ల ఇంత అనర్థం జరుగుతుందని నమ్మడానికి అంత చదువుకున్నవాళ్ళకి మనసొప్పలేదు.

విచారణ తేలేదాకా గది తాళంచెవి ఇచ్చెయ్యమన్నారు. ఇచ్చేశాడు. కావాలనే చేశాడని తేలితే ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా. ఆయనకి జైలు భయం అంతగా పట్టలేదు. ఇన్నాళ్ళూ అందరి సొమ్మూ కాపలా కాసినవాణ్ణి దొంగ అంటారేమిటన్న దిగులే పట్టుకుంది. వీధిలోకి వెళ్తే ఇస్త్రీ కొట్టువాడు పెట్టె పక్కన పెట్టి, "ఏంటి సార్, గట్టిగానే ముట్టిందట కదా?" అని కన్నుకొట్టాడు. లక్కాయనకి తల కొట్టేసినట్టయింది. బట్టలు తీసుకోకుండానే ఇంటికొచ్చాడు.

ఇంట్లో ఇంకొకటి కాచుకుని ఉంది. వాళ్ళావిడకి ఆ రోజు ఎంక్వయిరీ కిటికీ దగ్గర బస్సుల గురించి అడిగినవాళ్ళకంటే మొగుడి గురించి అడిగినవాళ్ళే ఎక్కువ. అలసిపోయి వచ్చి, చెప్పులు విప్పుతూ, ఆయన మొహం వైపు చూడకుండా అడిగింది.

"ఏవండీ, నిజం చెప్పండి. ఎవరైనా మీకు ఏమైనా ఇచ్చారా?"

ఉరుము లాయరు హాలంతా అదిరేలా అన్నప్పుడు కలగని నొప్పి ఆ చిన్న ప్రశ్నకి కలిగింది. లక్కాయన జవాబు చెప్పలేదు. లేచి వెళ్ళి వరండాలో కూర్చున్నాడు.

అప్పట్నుంచి ఇంట్లో మాటలు బంద్. ఇద్దరూ గోడలతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. "భోజనం బల్ల మీద ఉంది," అని ఆవిడ అలమరాకి చెప్పేది. "ఆకలి లేదు," అని ఆయన గడియారానికి జవాబిచ్చేవాడు. ఒకసారి ఆవిడ ఉండబట్టలేక, "అడిగితే తప్పేంటట?" అని కిటికీని నిలదీసింది. "అడిగినవాళ్ళకి చెప్పడం ఎంక్వయిరీవాళ్ళ ఉద్యోగం. అడగడం వాళ్ళ ఉద్యోగం కాదు," అన్నాడాయన తలుపుతో. తలుపుకి కూడా మనసు చివుక్కుమని ఉంటుంది.

లక్కాయన సాక్షి బోనెక్కే రోజొచ్చింది. అంతకాలం ఆ హాల్లోకి వస్తువులు మోసుకొచ్చాడే తప్ప ఆయనెప్పుడూ బోనెక్కలేదు. కాళ్ళు వణుకుతున్నాయి. ఎదురుగా ఉరుము లాయరు, ఆయన వెనకాల తల వంచుకుని కళ్ళజోడు యజమానురాలు, ఇటు పక్క పెద్ద కంపెనీ మనుషులు. ఇంకా వెనక, గోడవార బెంచీ మీద, సెలవు పెట్టి వచ్చిన తన భార్య. వస్తానని ఆవిడ గోడలకి కూడా చెప్పలేదు. ఆవిణ్ణి చూడగానే ఆయన వణుకు తగ్గిందో పెరిగిందో ఆయనకే తెలియలేదు.

"అంత పెద్ద పెట్టె ఉండగా దానికి వెయ్యకుండా, గోరంత చిప్పు మీద ఎందుకు వేశారు?" అన్నాడు ఉరుము లాయరు.

"సరుకు మీదే పడాలండీ. సంచి మీద వేస్తే లోపల సరుకు మార్చేస్తారు."

"ఓహో! మరి మూడొంతుల చిప్పు వదిలేసి ఆ మూలనే ఎందుకు వేశారు?"

"ఖాళీగా ఉందండీ."

"ఖాళీగా ఉందా! కోట్ల రూపాయల విద్య అంతా ఆ మూలలో ఉంటే మీ కంటికి ఖాళీగా కనిపించిందా?"

"అంత విద్య ఉన్న మొహంలా కనపడలేదండీ," అన్నాడు లక్కాయన నిజాయితీగా.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఉరుము లాయరుకి ముక్కు మీదుండే కోపం నెత్తికెక్కింది. "సార్, ఈ మనిషి అమాయకుడిలా నటిస్తున్నాడు. ఎవరూ నేర్పకుండా సరిగ్గా ఒక మూలని ఎలా ఎంచుకుంటారో కోర్టు ముందు చేసి చూపించమనండి!" అంటూ జేబులోంచి తన సెల్‌ఫోన్ తీసి బోను గట్టు మీద టక్కున పెట్టాడు. "ఇదిగో! దీనికి వెయ్యండి చూద్దాం!"

లక్కాయన ఫోన్ వైపు, లాయరు వైపు మార్చి మార్చి చూశాడు. "దీన్ని రుజువుగా ఇస్తున్నారాండీ?"

"ఇస్తున్నాను! కానివ్వండి!"

జడ్జిగారు ఏదో అనబోయి ఆగారు. ఆయన మీసం కింద చిన్న కదలిక కనిపించింది. "సామాను తెప్పించండి," అన్నారు.

బంట్రోతు పరుగున వెళ్ళి దీపం, లక్క కడ్డీ, దారం, చీటీ, ఇత్తడి ముద్ర పట్టుకొచ్చాడు. దీపం వెలిగిందో లేదో లక్కాయన వణుకు ఎటు పోయిందో పోయింది. తాను ముద్దాయిలా బోనులో ఉన్నానన్న సంగతే మరిచిపోయాడు. ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చుట్టూ దారం నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి బిగించి చీటీ కట్టాడు. చేతులు పనిచేస్తుంటే నోరు తనంతట తానే నడిచింది.

"ఇక్కడ కంపెనీ పేరుందండీ, ఇక్కడ వెయ్యకూడదు. రేపు ఇది ఏ వస్తువో పోల్చుకోవాలి కదా. ఇక్కడ కెమెరా కన్ను, వద్దు. ఇక్కడేవో నంబర్లు, అసలే వద్దు. ఇదిగో, ఈ కింది మూల ఖాళీ. ఇక్కడికి ముడి తెచ్చి, ఇలా... ఊదకూడదండీ, ఊదితే బుడగొస్తుంది... ఇలా వదలాలి. చిప్పుకీ అంతేనండీ. నంబర్లున్న చోట వదిలేసి, ఏమీ రాసిలేని మూల చూసి వేశాను. వేరే ఏమీ లేదు."

ఎర్రటి లక్క ముడి మీద నిగనిగలాడుతూ పరుచుకుంది. ఇత్తడి ముద్ర నొక్కి, మనసులో ఏదో లెక్కపెట్టుకుని, మెల్లగా ఎత్తాడు. అచ్చు మచ్చలేకుండా పడింది. హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. అసలు తగాదా ఏమిటో ఆ క్షణాన ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

"సరే, సరే," అంటూ ఉరుము లాయరు ఫోన్ కోసం చెయ్యి చాపాడు.

లక్కాయన ఫోన్‌ని వెనక్కి లాక్కున్నాడు. "కుదరదండీ."

"ఏమిటి కుదరదు?"

"లక్క పడిందండీ. కేసు తేలేదాకా విప్పకూడదు."

"అది నా ఫోనయ్యా!"

"తీసుకొచ్చినవాళ్ళంతా అదే అంటారండీ."

సరిగ్గా అప్పుడే ఆ ఫోన్ మోగడం మొదలుపెట్టింది. దారాల చెరలో, అద్దం మీద ఎవరి పేరో వెలుగుతూ, గట్టు మీద గిరగిరా తిరుగుతూ మోగింది. ఉరుము లాయరు రెండు చేతులూ చాపి, "ఒక్క నిమిషం... ముఖ్యమైన ఫోన్..." అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. "మోగనివ్వండి," అన్నాడు లక్కాయన ఓదార్పుగా. "మొదట్లో చిలక కూడా ఇలాగే అరిచేది."

ఇక జడ్జిగారి వల్ల కూడా కాలేదు. కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, తీరిగ్గా చెప్పారు. "ఈ సాక్షి చేసిన పని తెలివితక్కువ పని. దానికి మందలిస్తున్నాను. ఇకమీదట సున్నితమైన వస్తువులకి పెట్టె మీదే ముద్ర వెయ్యాలి. కానీ ఈయన అమ్ముడుపోయాడన్న మాట నేను నమ్మను. ఎవరైనా లంచం ఇచ్చి ఉంటే, ఈయన ఆ నోట్ల కట్టకి కూడా చీటీ కట్టి, లక్క వేసి, అరలో పెట్టి ఉండేవాడు." హాలు గొల్లుమంది. "తాళంచెవి ఈయనకి తిరిగి ఇచ్చెయ్యండి. ఫోన్‌ని లాయరుగారే అందరి ముందూ రుజువుగా ఇచ్చారు. కాబట్టి కేసు తేలేదాకా అది గదిలోనే ఉంటుంది."

బోను దిగుతూ లక్కాయన వెనక బెంచీ వైపు చూశాడు. అది ఖాళీగా ఉంది. వాళ్ళావిడ ఎప్పుడో వెళ్ళిపోయింది. అందరి నవ్వుల మధ్య ఆయనకి ఒక్కడికే నవ్వు రాలేదు.

ఆ తర్వాత జరిగింది కోర్టు చరిత్రలో ఎవరూ కనీవినీ ఎరగనిది. ఉరుము లాయరు ఫోన్ మర్నాడు కూడా మెట్ల వెనక గదిలో మోగుతూనే ఉంది. అది గదిలో ఉందని తెలిసినా, వేరే నంబరు లేక చిన్న కంపెనీ యజమానురాలు దానికే చేస్తోంది, ఎంత చేసినా లాయరు దొరకడు. విసుగెత్తి ఆవిడే కోర్టుకొచ్చి గది ముందు బెంచీ మీద కూర్చుంది. అదే బెంచీ మీద పెద్ద కంపెనీ ముఖ్యాధికారి కూర్చుని ఉన్నాడు, తన లాయరు కోసం కాదు, వానకి. ఇన్నాళ్ళూ లాయర్ల నోటితోనే తిట్టుకున్నారు గానీ, ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకున్నది లేదు. తలుపు వెనక ఫోన్ మోగింది. ఆవిడ తన చేతిలో ఫోన్ చూసుకుని, "అది నేను చేస్తున్నదే," అంది. ఆయన ఫక్కున నవ్వాడు. ఆవిడకీ నవ్వాగలేదు. వాన వెలిసేలోపు సంగతి మాటల్లో పడింది. కొన్నాళ్ళకి, పద్ధతి ఆవిడదేనని ఒప్పుకుని, వాడుకున్నందుకు ఇవ్వాల్సింది ఇస్తానని పెద్ద కంపెనీ రాజీకొచ్చింది. లాయర్లిద్దరూ చాలా బాధపడ్డారు. లక్కాయన ఇంట్లో మాటలు మాత్రం ఇంకా గోడలతోనే సాగుతున్నాయి.

కేసు తేలిపోయింది కాబట్టి వస్తువులు తిరిగి ఇచ్చెయ్యాలి. ఉరుము లాయరు వచ్చి, ముభావంగా సంతకం పెట్టి, లక్క గడ్డతో సహా ఫోన్ జేబులో వేసుకుని వెళ్ళాడు. సాయంత్రం గది మూసే వేళకి యజమానురాలు చిప్పు కోసం వచ్చింది. పెట్టె అందిస్తుంటే లక్కాయనకి నిజంగానే దుఃఖం వచ్చింది. మూల ఊడిపోయిన చిప్పుని చూస్తే, తన ఇన్నేళ్ళ కాపలా అంతా ఎందుకనిపించింది.

"మన్నించండమ్మా. నా చేతికొచ్చిన వస్తువు పాడవడం ఇదే మొదలు. దాన్ని పాడుచేసింది నేనే," అన్నాడు.

ఆవిడ పెట్టె మూత వేసింది. "మీరు నన్ను మన్నించాలి," అంది. "మీరు అమ్ముడుపోలేదని నాకు మొదటి రోజే తెలుసు. తెర మీద ఆ లక్క కనపడగానే మీరు లేచి నిలబడిన తీరు చూశాను. తప్పు చేసినవాడు ఎవడూ అంత సంతోషంగా నిలబడడు. కానీ మా లాయరు వద్దన్నాడు. మీ మీద అనుమానం ఉంటేనే కేసు బలంగా ఉంటుందన్నాడు. నేను నోరు మూసుకున్నాను."

లక్కాయనకి ఎప్పుడూ కోపం రాదు. ఆ పూట వచ్చింది. ముద్ర బల్ల మీద ఠపీమని పెట్టాడు.

"ఆ మాట ఆ రోజే ఒక్కసారి అని ఉంటే మా ఆవిడ నన్ను ఆ ప్రశ్న అడిగేది కాదమ్మా," అన్నాడు.

ఏ ప్రశ్న అని ఆవిడ అడగలేదు. మొహం పాలిపోయింది. పెట్టె సంచిలో వేసుకుని, "మీ ఇల్లెక్కడ? పదండి," అంది.

"వద్దమ్మా, ఇప్పుడెందుకు," అని ఆయన నసిగాడు. ఆవిడ వినలేదు. ఇద్దరూ బస్సెక్కి, పక్కపక్కనే కూర్చుని ఇంటికొచ్చారు. వాళ్ళావిడ వాకిట్లో ఆరిన బట్టలు తీస్తోంది. మొగుడి పక్కన కళ్ళజోడు మనిషిని చూసి, బట్టలు చేతిలో ఉండగానే గుమ్మంలో నిలబడిపోయింది. కోర్టులో చూసింది కాబట్టి ఎవరో పోల్చుకుంది.

యజమానురాలు లోపలికి కూడా రాలేదు. గుమ్మం బయటే నిలబడి మొత్తం చెప్పేసింది. ఆయన తప్పేమీ లేదని, ఆ సంగతి తనకి మొదటినుంచీ తెలుసని, తెలిసీ స్వార్థం కోసం ఊరుకున్నానని, ఆవిడ మనసులో ఏ కాస్త అనుమానం ఉన్నా అది తన వల్లేనని.

వాళ్ళావిడ అంతా విని, చేతిలో బట్టలు సర్దుకుంది.

"మీరు ఇంత దూరం రావాల్సిన పనిలేదండీ," అంది. "ఆ మాట చెప్పాల్సింది కోర్టులో. ఈ ఇంట్లో ఆయన మీద ఎవరికీ ఎప్పుడూ అనుమానం లేదు."

అది అబద్ధమని ఆ గుమ్మంలో ముగ్గురికీ తెలుసు. ఎంక్వయిరీ కిటికీలో ఆవిడ ఎన్ని తప్పుడు వేళలు చెప్పిందో గానీ, తెలిసీ ఇంత పచ్చి అబద్ధం ఏనాడూ చెప్పలేదు. పరాయి మనిషి ముందు మొగుడి తల దించనివ్వలేదు. లక్కాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోవాలని కూడా తోచలేదు.

యజమానురాలు దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా భార్యాభర్తలిద్దరూ అలాగే నిలబడ్డారు.

"కోర్టులోంచి లేచి వెళ్ళిపోయావేం?" అన్నాడాయన, గోడతో కాదు, ఆవిడతోనే.

"సిగ్గేసింది," అంది ఆవిడ. "బోనులో నిలబడి కూడా ఆ పాడు ముడి సరిగ్గా పడిందా లేదా అనే చూసుకుంటున్నారు. ఇలాంటి మనిషినా నేను ఆ మాట అడిగింది, అనిపించింది. ఇంక కూర్చోలేకపోయాను."

"నువ్వు అడిగినప్పుడు లేదని ఒక్క మాట చెప్పాల్సింది నేను."

"చెప్పాల్సిందే," అంది ఆవిడ. ఆరిన చొక్కాలు ఆయన చేతుల్లో పెట్టింది. "లోపలికి రండి, భోజనం చల్లారిపోతోంది."